దింపుడు కళ్ళం

సెయింట్ లూయిస్ ఉత్తరాన ఆ వీధిలో
ఇటుకల కోసం ఇళ్ళు తగలబెట్టేవాళ్ళు.
రాత్రి నిప్పు. తెల్లారకముందే ఫైరింజను.
నీళ్ళ ధాటికి సున్నం వదిలేసేది.
మర్నాటికల్లా ఎర్రటి ఇటుకలు ట్రక్కెక్కి
దక్షిణాదిన ఎవరి పెరటి గోడగానో మారడానికి వెళ్ళిపోయేవి.

వెర్లీన్ టబ్స్ ఇంటికి ఎడమ పక్క అలాగే పోయింది.
పదహారేళ్ళుగా అక్కడ గడ్డి,
గడ్డిలో ఒక స్నానాల తొట్టి,
తొట్టిలో ఎప్పటిదో వాన.
గోడలకి చెవులుంటాయంటారు.
ఆమె ఎడమ గోడకి వినడానికేమీ మిగల్లేదు.
ఆ వైపు కిటికీకి తెర దించి
దానికి ఒక గుండుసూది గుచ్చింది.

చర్చి నేలమాళిగలోకి ఓవర్‌మైయర్ అనే అమ్మాయి
అట్టముక్కల ఇళ్ళు తెచ్చి చూపించింది.
టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా
ఒకదాని మీద ఒకటి కూర్చునే గదులు.
ఫ్యాక్టరీలో పుట్టి, లారీ మీద వచ్చి
ఒక్క పూటలో నిలబడతాయట.
వెడల్పెందుకింత తక్కువని ఎవరో అడిగితే
"రోడ్డు ఎంత ఒప్పుకుంటే అంతే" అంది.

వెర్లీన్ అడిగింది ఒక్కటే:
"వంటింటి కిటికీ ఎటు?"
సందు వైపు కాదు, వెనకవైపు.
"అయితే నాకక్కర్లేదు.
గిన్నె కడిగే మనిషి మొహం నాకు కనపడాలి.
ఉప్పు అడగాలంటే చెప్పులేసుకోవాలా?"

ఆ అమ్మాయి మాట్లాడకుండా అట్టలు సర్దుకుంది.
రెండు నెలలకి మళ్ళీ వచ్చింది.
ఈసారి కిటికీ పక్కగోడలో ఉంది,
గొట్టాలన్నీ ఇంటి నడుముకి చేరాయి, వెన్నుపూసలాగా.
ఇప్పుడు పెట్టెని తలకిందులు తప్ప
ఎటు తిప్పినా నీళ్ళు అతుకుతాయి.

అక్టోబరు, మంగళవారం, గాలి కొంచెం ఎక్కువే.
ఆ వీధిలో మిగిలినవాళ్ళంతా బయటికొచ్చారు.
అంతా అంటే పందొమ్మిది మంది, ఒక కుక్క.
క్రేను మీద మిర్సాద్.
ఇళ్ళు పైనించి కిందికి రావడం
అతను చిన్నప్పుడు ఒకసారి చూశాడు,
వేరే దేశంలో, వేరే రకంగా.
అందుకేనేమో అంత నెమ్మది.

ఆకాశంలో ఒక వంటిల్లు వేలాడింది.
సింకుతో, అల్మారాలతో,
పొయ్యి మీద ఎవరో మరిచిపోయిన కొలత టేపుతో.
ఇల్లు కట్టి చూడమన్నవాళ్ళు
ఇల్లు దించి చూసుంటే ఏమనేవారో.

"తిప్పండి!" వెర్లీన్ కర్ర క్రేను రేకు మీద టంగుమంది.
"వెనక్కొచ్చింది! కిటికీ అటుంది!"
నిజమే. లారీలోనే తిరగేసి ఎక్కించారు.
మిర్సాద్ ఆపాడు.
ఎనిమిదిమంది తాళ్ళు పట్టి గాలితో గుంజుకున్నారు.
అందులో కార్నెల్ కూడా ఉన్నాడు.
ఆ ఇంటి ఇటుకలు అమ్మింది అతనేనని అందరికీ తెలుసు.
ఎవరూ ఏమీ అన్లేదు.
తాడు కోసి అతని అరచెయ్యి రక్తమొస్తే
కుక్క గలామె తన రుమాలిచ్చింది.

పెట్టె తిరిగింది.
తడి సిమెంటు దిమ్మెల మీద ఒక్కొక్క మూలే
కూర్చుంది.

వెర్లీన్ లోపలికెళ్ళింది.
గుండుసూది తుప్పుపట్టి రాలేదు,
తెరనే చింపేసింది.
చెయ్యి చాపితే అందేంత సందులోకి వంగి
పిలిచింది: "లూవెలా!"
పోయిన పొరుగుమనిషి పేరు.
మళ్ళీ, కాస్త గట్టిగా.
మూడోసారి చాలా చిన్నగా,
చెవిలో చెప్పినట్టు.

వీధి బతికిందని నేను చెప్పను.
ఎదర ఇంకా ఆరు ఖాళీలున్నాయి.
తొట్టి కూడా అక్కడే ఉంది,
కాకపోతే అవతలి ఫుట్‌పాత్ మీదికి జరిపారు.

అప్పుడే లోపల పిట్టర్ కుర్రాడు కుళాయి తిప్పాడు.
గొట్టం రెండుసార్లు దగ్గి,
బురదరంగులో
మొదలైంది.